డాట్‌నెట్ లినక్స్ కొండెక్కిన కత: ఆ మూటలో మన కువి మాట ఉన్నాదా?

పాడేరు, అరకు, చింతపల్లి వైపు డిగ్రీ చదివే కుర్రోళ్లు ఈ మధ్య తరచూ ఒక మాట అడుగుతన్నారు. "అన్నా, సీ షార్ప్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తాదంట. మరి దానికి విండోస్ కొనాలా?"

కొనక్కర్లేదు తమ్ముడూ. 2016 జూన్ 27న డాట్‌నెట్ కోర్ 1.0 బయటికొచ్చింది. ఆ రోజు నుంచీ సీ షార్ప్ ప్రోగ్రాంని లినక్స్ మీద దర్జాగా నడిపించొచ్చు. ఇంట్లో మూల పడున్న పాత ల్యాప్‌టాప్ చాలు. రూపాయి కట్టక్కర్లేదు, దొంగ కాపీ ఎక్కించుకోనక్కర్లేదు.

ఇంత చెప్పి ఊరుకోవచ్చు. గాని ఈ ఒక్క జవాబు వెనకాల పదిహేనేళ్ల కత ఉన్నాది. ఒక కంపెనీ తన సొంత నేలలో పెంచుకున్న భాష, ఆ కంపెనీకే పడని నేలకి ఎలా చేరిందన్న కత అది. అది తెలిస్తే సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉంటాదో, ఎవరి మాటని మోసుకెళ్తాదో, ఎవరి మాటని గట్టు మీద దించీసి పోతాదో కూడా తెలుస్తాది.

"డోలీ మోతలు ఆగలేదు, సిగ్నల్ కోసం చెట్టెక్కుతున్నాం, మధ్యలో ఈ రన్‌టైం గోల ఏటి?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఆ కొండ మీదే ఉన్నాది. వేలిముద్ర పడలేదని రేషన్ ఆపేది ఒక సాఫ్ట్‌వేర్. పేరులో ఒక అక్షరం తేడా వచ్చిందని పింఛను నిలిపేది ఒక సాఫ్ట్‌వేర్. ఉపాధి కూలీ హాజరు ఎక్కేది ఫోన్ యాప్‌లో. అడివి మీద హక్కు ఎవరిదని అడిగినోళ్లం, ఈ సాఫ్ట్‌వేర్ ఎవరిదని కూడా అడగాలి.

రన్‌టైం అంటే ఏటి?

కువి తప్ప వేరే మాట రాని తాత బ్యాంకుకి వెళ్తాడనుకోండి. మేనేజరుకి తెలుగు, ఇంగ్లీషు తప్ప రావు. మధ్యలో రెండు మాటలూ వచ్చిన మనవడు నిలబడాలి. తాత చెప్పింది మేనేజరుకి చెప్తాడు, ఫారం నింపుతాడు, డబ్బులు లెక్కపెడతాడు, తాత మరిచిపోయిన పాస్‌బుక్కు కూడా తనే పట్టుకుంటాడు. కంప్యూటర్‌లో ఆ మనవడి పేరే రన్‌టైం.

మనం సీ షార్ప్‌లో రాసింది మామూలుగా నేరుగా మెషిన్ భాషలోకి వెళ్లదు. ముందు ఒక మధ్య భాషలోకి మారతాది. ఆ మధ్య భాష ఏ కంప్యూటర్‌కీ సొంతం కాదు. ప్రోగ్రాం నడిచే వేళకి రన్‌టైం దాన్ని అందుకొని, అక్కడున్న ప్రాసెసర్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా అప్పటికప్పుడు మార్చీస్తాది. దీన్ని జిట్ అంటారు. ఇదొక్కటే కాదు. ప్రోగ్రాంకి మెమరీ కావాలంటే తెచ్చి ఇస్తాది. వాడీసిన మెమరీని ఏరి తిరిగి కలుపుతాది, ఆ పని చేసేదాన్ని గార్బేజ్ కలెక్టర్ అంటారు. ఒకే సమయంలో నాలుగు పనులు నడవాలంటే నాలుగు థ్రెడ్‌లు పుట్టిస్తాది. ఫైలు తెరవడం, నెట్‌వర్క్‌తో మాట్లాడడం, తప్పు జరిగితే పట్టుకోవడం అన్నీ దాని మీదుగానే జరుగుతాయి.

డాట్‌నెట్ కంటే ముందు ఈ పద్ధతిని ఊరూరా తెలియజేసింది జావా. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో దాన్ని బయటపెట్టింది. పేరు కూడా కాఫీ పేరే, బొమ్మ కూడా పొగలు కక్కే కాఫీ కప్పే. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తాదని దాని ప్రచారం. అందులో ఒక కిటుకున్నాది. ప్రోగ్రాం ఎక్కడైనా నడుస్తాది నిజమే, గాని అక్కడికి రన్‌టైంని ముందే ఎవరో మోసుకొచ్చి నాటి ఉండాలి.

కాఫీ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గింజ సంచిలో ఏ ఊరికైనా వెళ్తాది. మొక్క అలా వెళ్లదు. దానికి ఎత్తు కావాలి, చల్లదనం కావాలి, సిల్వర్ ఓక్ నీడ కావాలి. నర్సరీ సంచిలో పెంచి, వానల్లో నాటి, కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్లు కాపలా కాయాలి. ప్రోగ్రాం గింజ లాంటిది, రన్‌టైం మొక్క లాంటిది. దాన్ని ఒక ఆపరేటింగ్ సిస్టం నుంచి ఇంకో దానికి తీసుకెళ్లి బతికించే పనినే పోర్టింగ్ అంటారు.

పదిహేనేళ్ల కత

మైక్రోసాఫ్ట్ 2000లో డాట్‌నెట్‌ని ప్రకటించింది, 2002లో మొదటి వెర్షన్ ఇచ్చింది. అది విండోస్ కోసం పుట్టిన మొక్క. అప్పటి వాళ్ల అధిపతి స్టీవ్ బామర్ 2001లో లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చినాడు. అంత పగ.

అయినా 2002లోనే ఒక విచిత్రం జరిగింది. రోటర్ అనే పేరుతో మైక్రోసాఫ్టే డాట్‌నెట్ రన్‌టైం కోడ్‌ని చూపించింది. అది విండోస్ మీదా నడిచేది, ఫ్రీబీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం మీదా నడిచేది. ఫ్రీబీఎస్‌డీ లినక్స్‌కి పినతల్లి కొడుకు లాంటిది, అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ యునిక్స్ వంశం, 1993 నుంచీ వాలంటీర్లు నడిపిస్తన్నారు. గాని రోటర్‌కి ఒక షరతు పెట్టినారు. చదువుకోవచ్చు, ప్రయోగాలు చేసుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదు. దున్నుకో గాని పంట అమ్ముకోకు అన్నట్టు.

ఇటు పక్క మెక్సికో నుంచి వచ్చిన మిగెల్ డి ఇకాసా అనే కుర్రోడు, అతని జట్టు 2001లో మోనో మొదలెట్టినారు. మైక్రోసాఫ్ట్ కోడ్ ముట్టుకోకుండా, బయటికొచ్చిన ప్రమాణాలు చదివి, లినక్స్ మీద నడిచే రన్‌టైంని మొదటి నుంచీ సొంతంగా రాసుకున్నారు. 2004లో మోనో 1.0 వచ్చింది. మెచ్చుకున్నోళ్లు ఉన్నారు, భయపడినోళ్లూ ఉన్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 2009లో హెచ్చరించినాడు: ఈ భాష మీద ఆధారపడి కూర్చుంటే, రేపు పేటెంట్ల పేరుతో కాళ్ల కింద నేల లాగీవచ్చని. ఆ భయం ఉత్తిది కాదు. నేల మనది కానప్పుడు పంట ఎంత పచ్చగా ఉన్నా రాత్రి నిద్ర పట్టదని ఈ కొండల్లో అందరికీ తెలుసు.

2014 ఫిబ్రవరిలో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయినాడు. నాన్న బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి. ఆయన ఉద్యోగం వల్ల చిన్నప్పుడు తూర్పు కనుమల్లో, శ్రీకాకుళం వైపు గడిపిన రోజుల్ని నాదెళ్ల తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో తలుచుకున్నాడు. ఆ ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ కోర్‌ని ఓపెన్ సోర్స్ చేస్తామని, లినక్స్‌కీ మ్యాక్‌కీ తీసుకెళ్తామని ప్రకటించింది. 2015 ఫిబ్రవరిలో రన్‌టైం కోడ్, అంటే కోర్ సీఎల్‌ఆర్, గిట్‌హబ్‌లోకి వచ్చింది.

మనోడు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి మనసు మారిందని పొంగిపోకండి. అప్పటికే సర్వర్ల ప్రపంచం లినక్స్ చేతిలోకి వెళ్లిపోయింది. మైక్రోసాఫ్ట్ తన అజూర్ క్లౌడ్‌లో కంప్యూటర్లు అద్దెకిస్తన్నాది, అక్కడికొచ్చే గిరాకీలు లినక్స్ అడుగుతన్నారు. డాట్‌నెట్ విండోస్ గట్టు దాటకపోతే ఎండిపోతాది. అంటే గేటు తెరిపించింది ఒక మనిషి మంచితనం కాదు. ఇరవై ఏళ్లుగా లినక్స్‌ని పెంచిన వేలమంది బలం. ఆ బలాన్ని చూసి కంపెనీ తన లెక్క మార్చుకున్నాది.

నేల మార్చడంలో అసలు పని ఏటి?

ఫైళ్లు కాపీ చేసి అక్కడ పెడితే సరిపోదా అని కొత్తోళ్లు అడుగుతారు. సరిపోదు. నాలుగు ఉదాహరణలు చూడండి.

మొదటిది మెమరీ. విండోస్‌ని మెమరీ అడగాలంటే వర్చువల్ అలాక్ అనే పిలుపు. లినక్స్‌లో ఎం-మ్యాప్ అనే పిలుపు. పని ఒకేలాటిదే గాని షరతులు వేరు. ఇలాంటి పిలుపులు వందల్లో ఉంటాయి. ప్రతి చోటా కోడ్ తిరగరాయకుండా, మధ్యలో ఒక సర్దుబాటు పొర కట్టినారు. పైనున్న రన్‌టైం విండోస్‌తో మాట్లాడుతున్నట్టే మాట్లాడతాది, పొర ఆ మాటని లినక్స్ మాటగా మార్చి కిందకి చెప్తాది. ఈ పొర రోటర్ రోజుల్లో ఫ్రీబీఎస్‌డీ కోసం కట్టినదాని వారసురాలే. పన్నెండేళ్లు అటక మీద పడున్న పనిముట్టుని దించి, తుప్పు రాల్చి వాడుకున్నారు.

రెండోది కొలత. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఇవ్వాల్సిన విలువల్ని ప్రాసెసర్‌లోని రిజిస్టర్లనే చిన్న గదుల్లో పెడతాది. మనం రోజూ వాడే 64 బిట్ ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లలో విండోస్ పద్ధతికి మొదటి నాలుగు విలువలు రిజిస్టర్లలో వెళ్తాయి. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ పద్ధతికి మామూలు సంఖ్యలైతే ఆరు వెళ్తాయి, గదులు కూడా వేరే. రెండు సంతల్లో కుంచం సైజు వేరైతే ఏటవుతాది? ఇక్కడి కుంచంతో కొలిచి అక్కడి ధరకి అమ్మితే లెక్క తలకిందులు. జిట్ పుట్టించే ప్రతి పిలుపూ కొత్త కుంచంతో కొలిచేలా సరిచెయ్యాలి. ఒక్క చోట మరిచినా ప్రోగ్రాం చెప్పాపెట్టకుండా కూలిపోతాది.

మూడోది తప్పుల వేట. ప్రోగ్రాంలో తప్పు జరిగితే, పిలుపు ఎటునుంచి వచ్చిందో ఆ దారినే వెనక్కి నడిచి, దాన్ని పట్టుకునే చోటు వెతకాలి. అడివిలో కొమ్మలు విరుచుకుంటూ వెళ్లి, ఆ గుర్తులు పట్టుకొని వెనక్కొచ్చినట్టు. విండోస్‌లో ఆ గుర్తులు ఒక రకం, లినక్స్‌లో ఇంకో రకం. చెత్త ఏరే పనిలోనూ ఇదే చిక్కు. ఏరే ముందు మిగిలిన థ్రెడ్‌లని కాసేపు ఆపాలి. విండోస్‌లో ఒక థ్రెడ్‌ని నేరుగా ఆపే పిలుపున్నాది. లినక్స్‌లో సిగ్నల్ పంపి, అది క్షేమమైన చోటికి వచ్చి నిలబడేదాకా చూడాలి.

నాలుగోది చూడ్డానికి చిన్నదే. విండోస్‌కి ఇంగ్లీషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఫైలు పేరులో ఒకటే. లినక్స్‌కి రెండూ వేరు. విండోస్‌లో పదేళ్లు నడిచిన ప్రోగ్రాం లినక్స్‌కి రాగానే "ఫైలు లేదు" అని ఏడుస్తాది, తీరా చూస్తే ఒక అక్షరం పెద్దది పడింది. మన తెలుగు అక్షరాలకి ఈ గోల లేదనుకోండి!

వీటన్నిటికీ పైన ఇంకో చిక్కున్నాది. సీ షార్ప్ కంపైలర్‌ని రాసింది సీ షార్ప్‌లోనే. అంటే డాట్‌నెట్‌ని కట్టడానికి ముందే ఒక డాట్‌నెట్ ఉండాలి. విత్తు ముందా, చెట్టు ముందా? కొత్త నేలలో మొదటి విత్తు ఎక్కడిది? దీనికి వాడే ఉపాయం ఏటంటే, ఇప్పటికే నడుస్తున్న లినక్స్ మీద కూర్చొని కొత్త సిస్టంకి సరిపడే రన్‌టైంని తయారుచేస్తారు. దాన్ని అక్కడికి తీసుకెళ్లి నాటి, దాని సాయంతో రెండోసారి అక్కడే కట్టుకుంటారు. నర్సరీలో పెంచి కొండకి మోసుకొచ్చినట్టే.

ఫ్రీబీఎస్‌డీ విషయంలో ఈ మోత మోసింది కంపెనీ కాదు. 2015లో కోడ్ గిట్‌హబ్‌లో పడిన కొద్ది నెలల్లోనే బయటి వాలంటీర్లు దాన్ని ఫ్రీబీఎస్‌డీ మీద కదిలించినారు. లినక్స్‌కిచ్చినట్టు ఫ్రీబీఎస్‌డీకి మైక్రోసాఫ్ట్ అధికారికంగా డాట్‌నెట్ ఇవ్వదు. అక్కడది బతుకుతున్నాదంటే తమకి కావాలనుకున్న కొద్దిమంది ప్రతి కొత్త వెర్షన్‌కీ మళ్లీ మళ్లీ సరిచేస్తన్నారు కాబట్టే. వాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. ఎందుకో చెప్తాను.

లైసెన్సంటే పట్టా

ఈ కొండల్లో కాగితం విలువ అందరికీ తెలుసు. 1/70 చట్టం లేకపోతే ఏటయ్యేదో తెలుసు. అనంతగిరి మండలం బొర్రా గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఇంటి చరిత్ర. సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితం పేరు లైసెన్సు.

లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్నాది. వాడుకో, మార్చుకో, పంచుకో. గాని పంచినప్పుడు నువ్వు మార్చిన కోడ్ కూడా ఇదే షరతుతో ఇవ్వాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా గుర్తుందా? పిల్లలకి దక్కుతాది, బయటోడికి అమ్మడానికి మాత్రం లేదు. జీపీఎల్‌లో ఆ పట్టా పోలికలున్నాయి. అందరిదీ అయినది అందరిదిగానే ఉండాలి.

డాట్‌నెట్‌కి ఇచ్చింది ఎంఐటీ లైసెన్సు. ఫ్రీబీఎస్‌డీ లైసెన్సు కూడా దాని లాటిదే. ఇక్కడ షరతులు చాలా తక్కువ. తీసుకెళ్లినోడు మార్చి, తన కాపీకి కంచె వేసుకోవచ్చు, వెనక్కి ఏమీ ఇవ్వక్కర్లేదు. భూమికీ కోడ్‌కీ ఒక తేడా ఉన్నాది లెండి. భూమిని ఒకడు పట్టుకుపోతే మనకి మిగలదు. కోడ్‌ని ఒకడు కాపీ చేసుకుంటే మన కాపీ మన దగ్గరే ఉంటాది. అందుకే ఫ్రీబీఎస్‌డీ వాలంటీర్లు ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా పని మొదలెట్టగలిగినారు.

మరి అంతా మంచేనా? కాదు. గిట్‌హబ్‌ని 2018లో మైక్రోసాఫ్ట్ కొనీసింది. అంటే తోటమాలీ వాళ్లే, సంత నడిపేదీ వాళ్లే. 2021 అక్టోబరులో ఏటి జరిగిందో చూడండి. హాట్ రీలోడ్ అనే సౌకర్యం అందరికీ దొరికే కోడ్‌లో అప్పటికే ఉన్నాది. దాన్ని అక్కడి నుంచి పీకీసి, విజువల్ స్టూడియో అనే తమ విండోస్ సరుకులో మాత్రమే ఉంచాలని చూసినారు. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు గోల పెట్టినారు. తీసిన కోడ్ పాత చరిత్రలో అందరికీ కనబడుతూనే ఉన్నాది, దాచడానికి లేదు. కొద్ది రోజుల్లోనే కంపెనీ తప్పు ఒప్పుకొని తిరిగి పెట్టీసింది. గ్రామసభలో పదిమంది లేచి నిలబడితే ఏటవుతాదో అదే అయింది. కాగితం మీద హక్కు ఉండడం ఒక ఎత్తు, దాన్ని కాపలా కాసే జనం ఉండడం ఇంకో ఎత్తు.

మూట దించీసిన చోట

ఇప్పుడు మన మాట దగ్గరకి వద్దాం.

ఒక ప్రోగ్రాం తేదీని తెలుగులో చూపించాలన్నా, పేర్లని అక్షరక్రమంలో పెట్టాలన్నా, లక్షని 1,00,000 అని మన కామాలతో రాయాలన్నా దానికి ఆ భాష సంగతులు తెలియాలి. విండోస్ మీద పాత డాట్‌నెట్ ఆ సంగతులు విండోస్‌నే అడిగేది. లినక్స్‌కి వచ్చాక ఎవరిని అడగాలి? ఐసీయూ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని అడగాలని తేల్చుకున్నారు. ఆసుపత్రి ఐసీయూ కాదు, యూనికోడ్ వాళ్ల ఉమ్మడి భాషల గాదె అది. దానిలోకి సరుకు వచ్చేది సీఎల్‌డీఆర్ అనే ఇంకో ఉమ్మడి ఖాతా నుంచి. నెలల పేర్లు, వారాల పేర్లు, అంకెలు రాసే పద్ధతి, ఇలా ఒక్కో భాషకీ ఒక్కో చిట్టా.

ఈ గాదె బరువు సుమారు 30 మెగాబైట్లు. సర్వర్లలో ఆల్పైన్ అనే బుల్లి లినక్స్ వాడతారు, అక్కడ ప్రతి మెగాబైటూ లెక్కే. అందుకని మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు ఆల్పైన్ డాట్‌నెట్ పెట్టెల్లో ఐసీయూ ఉండదు. అన్ని భాషలకీ ఒకటే రకం అనే పద్ధతి పెట్టి పంపుతారు. అలాంటి పెట్టెలో తెలుగు అక్షరాలు చెరిగిపోవు, కనిపిస్తాయి. గాని ఫిబ్రవరి అని రావలసిన చోట ఇంగ్లీషు నెల పేరు వస్తాది. 1,00,000 కాస్తా 100,000 అయిపోతాది. వరుసక్రమం అక్షరాల కోడ్ నంబర్ల ప్రకారం పోతాది. కావాలంటే ఐసీయూని మనమే కలుపుకోవచ్చు, దారి మూసీలేదు. గాని ఆ సంగతి తెలిసినోడు, అడిగేవాడు ఆ ఆఫీసులో ఉండాలి. మోసుకెళ్లేటప్పుడు బరువని దించిన మూటలో ఇంగ్లీషు ఎప్పుడూ ఉండదు. దిగేది మనలాంటోళ్ల మాటలే.

కోట్లమంది మాట్లాడే తెలుగు పరిస్థితే ఇదైతే కువి, సవర, గదబ మాటల గతేటి?

ఇక్కడ ఒక మంచి కబురున్నాది, మన కుర్రోళ్లలో చాలామందికి తెల్దు. ఇటు మన ఏజెన్సీలోనూ అటు కోరాపుట్, రాయగడల్లోనూ కోదులు మాట్లాడే కువి భాష ఈ మధ్య ఏళ్లలో సీఎల్‌డీఆర్ ఖాతాలోకి ఎక్కింది. అదీ ఒక్క లిపిలో కాదు. రోమన్, దేవనాగరి, ఒడియా లిపులతో పాటు తెలుగు లిపిలోనూ కువి చిట్టా ఉన్నాది. లినక్స్ మీద డాట్‌నెట్ ఆ సిస్టంలోని ఐసీయూనే వాడుకుంటాది కాబట్టి, కొత్త ఐసీయూ వచ్చిన లినక్స్‌లో డాట్‌నెట్‌కి కువి దానంతటదే అందుతాది. రన్‌టైంలో ఒక్క గీత మార్చక్కర్లేదు. నేల మారడం వల్ల వచ్చిన లాభం ఇది. ఐసీయూ పాతదైతే ఎవరికోసమూ ఎదురుచూడకుండా కొత్తదాన్ని మనమే కట్టుకోవచ్చు. కువి చిట్టాలో ఇప్పటికున్నది ప్రాథమిక సరుకే. మిగిలినది నింపాల్సింది కువి తెలిసినోళ్లే.

ఇది మన వైపు కొత్త పనేం కాదు. పర్లాకిమిడి మాస్టారు గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకొని, సవర పిల్లల కోసం పుస్తకాలు తయారుచేసి, 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాడు. 1936లో మంగేయి గొమాంగో సవరకి సొంత లిపి కట్టినాడు. ఆ సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. నోటి మాటని కాగితం మీదకి తెచ్చినోళ్లు, కాగితం మీది లిపిని కంప్యూటర్‌లోకి తెచ్చినోళ్లు చేసిందీ ఒక పోర్టింగే. అక్కడి దాకా వచ్చిన బండి ఆగిపోకుండా తోయడం మన వంతు.

మరి నువ్వేటి చెయ్యాలి?

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, పాత కంప్యూటర్లు చాలావాటిలో అది లేదు. హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, కాలేజీ ల్యాబుల్లో ఉన్న పాత కంప్యూటర్లని తుక్కు కింద రాసీక ముందు వాటిలో లినక్స్ వెయ్యమని అడగండి. ఉబుంటులో 2022 నుంచీ డాట్‌నెట్ వాళ్ల సొంత భాండాగారంలోనే దొరుకుతున్నాది. జావా, పైథాన్ ముందు నుంచే ఉన్నాయి. సిగ్నల్ లేని ఊరైతే పాడేరులోనో విశాఖలోనో ఒకసారి దించుకొని పెన్ డ్రైవ్‌లో కొండెక్కించండి. పదిమందికి పంచినా నేరం కాదు, లైసెన్సు పంచమనే చెప్తాది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 2005 నుంచీ పనిచేస్తున్న 'స్వేచ్ఛ' లాంటి సంస్థలున్నాయి, వాళ్లతో కలవండి.

ఆ తర్వాత ఒక చిన్న ప్రోగ్రాం రాయండి, పాతిక వరసలు కూడా అవసరం లేదు. ఈ రోజు తేదీ, ఒక లక్ష రూపాయల అంకె, మీ ఊళ్లో పదిమంది పేర్లు. వాటిని తెలుగు పద్ధతిలో చూపించమని అడగండి. తర్వాత కువి పద్ధతిలో అడగండి, దాని గుర్తు కె, ఎక్స్, వి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఏది సరిగ్గా వచ్చింది, ఏది రాలేదో నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చిన నెల పేరు మీ ఊళ్లో అనే పేరేనా అని మీ అమ్మమ్మనో తాతనో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి రెడ్‌మండ్‌లో కూర్చున్న ఏ ఇంజనీరు దగ్గరా జవాబు లేదు.

తేడా కనిపిస్తే ఊరుకోవద్దు. సీఎల్‌డీఆర్ వాళ్లకి తప్పుల చిట్టా పంపే చోటున్నాది, డాట్‌నెట్‌కి గిట్‌హబ్‌లో ఫిర్యాదు పెట్టే చోటున్నాది. ఇంగ్లీషు గొప్పగా రానక్కర్లేదు. ఏ సిస్టం మీద, ఏ వెర్షన్‌తో, ఏటి అడిగితే ఏటి వచ్చింది, అసలు ఏటి రావాలి, ఇంత రాస్తే చాలు. ఫ్రీబీఎస్‌డీ వాలంటీర్ల పనిలోనూ సగం ఇదే. ఒకటి సరిచెయ్యడం, మళ్లీ నడపడం, మళ్లీ పడిపోతే ఎక్కడ పడిందో రాసి పెట్టడం.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే మొదలెట్టండి. కువి వచ్చిన చెల్లి ఒకర్తి, కంప్యూటర్ వచ్చిన తమ్ముడు ఒకడు పక్కపక్కన కూర్చుంటే చాలు. మీరు రాసుకున్న చిట్టా ఎంత చిన్నదైనా పంపండి.